జిమ్ అయ్యాక అరగంటలో ప్రోటీన్ తాగకపోతే కష్టమంతా వృథానా?

ప్రశ్న: నా వయసు 26, బరువు 64 కిలోలు. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఆరు నెలలుగా రోజూ పొద్దున 6 గంటలకు జిమ్‌కి వెళ్లి బరువులు ఎత్తుతున్నాను. వర్కవుట్ అయిన అరగంటలోపు ప్రోటీన్ షేక్ తాగకపోతే చేసిందంతా వృథా అని మా ట్రైనర్ అంటున్నారు. హాస్టల్లో రాత్రి భోజనం 8.30కి, పొద్దున టిఫిన్ 9కి. చికెన్ బుధ, ఆదివారాల్లోనే పెడతారు. ప్రోటీన్ వ్యాయామానికి ముందు తీసుకోవాలా, తర్వాతా? నాన్నగారికి షుగర్ ఉంది. పౌడర్ వాడితే కిడ్నీలు పాడవుతాయేమోనని అమ్మ భయపడుతోంది.

సలహా: అరగంట దాటినంత మాత్రాన మీ కష్టం ఎక్కడికీ పోదు. బరువులు ఎత్తాక కండరం తనను తాను మరమ్మతు చేసుకుని, కొత్త ప్రోటీన్ కట్టుకునే పని దాదాపు 24 గంటలు చురుగ్గా సాగుతుంది. కొత్తగా మొదలుపెట్టినవారిలో ఇంకా ఎక్కువసేపు సాగుతుంది. ఆ రోజు మధ్యాహ్నం తిన్న పప్పు, రాత్రి తాగిన పాలు కూడా ఆ పనికి అక్కరకొస్తాయి. ఈ అరగంట సంగతి తేల్చడానికి 2013లో చాలా పరిశోధనలను కలిపి విశ్లేషించారు. వ్యాయామానికి దగ్గరగా ప్రోటీన్ తీసుకున్నవారికి కొంత లాభం కనిపించింది. తీరా చూస్తే వాళ్లు రోజు మొత్తమ్మీద తిన్న ప్రోటీనే ఎక్కువ. ఆ తేడాను లెక్కలోకి తీసుకోగానే వేళ వల్ల దక్కిందనుకున్న లాభం కనిపించకుండా పోయింది.

అలాగని మీ ట్రైనర్ మాటను పూర్తిగా కొట్టిపారేయను. మీ విషయంలో అందులో కొంత నిజముంది. రాత్రి 8.30కి తిన్నాక మళ్లీ మీ నోట్లో ముద్ద పడేది పొద్దున 9కి. పన్నెండు గంటలు దాటిన ఆ ఖాళీ మధ్యలోనే మీరు బరువులు ఎత్తుతున్నారు. పరగడుపున కండరంలో కట్టుకునేదానికంటే కరిగేదే ఎక్కువగా ఉంటుంది. వ్యాయామం ఆ లోటును తగ్గిస్తుంది కానీ, ఆహారం అందేదాకా పూర్తిగా పూడ్చలేదు. అందుకే జిమ్‌కి బయల్దేరే ముందు ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు తీసుకోండి. తిరిగొచ్చాక టిఫిన్ కోసం ఆగకుండా ఉడకబెట్టిన గుడ్లు మూడు తినండి. హాస్టల్ గదిలో చిన్న ఎగ్ బాయిలర్ ఉంటే చాలు. అదే మీరు మధ్యాహ్నం భోజనం చేసి సాయంత్రం జిమ్‌కి వెళ్లేవారైతే ఈ తొందర అక్కర్లేదనే చెప్పేవాడిని.

గుడ్లు పచ్చివి మాత్రం తాగకండి. జిమ్‌లలో ఈ అలవాటు ఇంకా కనిపిస్తోంది. ఉడికిన గుడ్డులోని ప్రోటీన్ 90 శాతం దాకా ఒంటికి పడుతుంది, పచ్చిగుడ్డులోది సగమే. పైగా సాల్మొనెల్లా అనే బాక్టీరియాతో ఇన్ఫెక్షన్ వస్తుందన్న భయం.

నన్ను అసలు కంగారుపెట్టింది మీ మెనూ. మామూలుగా హాస్టళ్లలో పెట్టే తిండి లెక్కన చూస్తే, నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ కలిపితే పది పన్నెండు గ్రాముల ప్రోటీన్. రెండు పూటలా అన్నం, పప్పు, పెరుగు కలిపితే ఇంకో నలభై. చికెన్ లేని రోజున మీకు అందేది 50 గ్రాముల చిల్లర. జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. అంటే మీ బరువుకు 53. వ్యాయామం చేయని మనిషికి సరిపోయే తిండితో మీరు కండ పెంచాలని చూస్తున్నారు. బరువులు ఎత్తేవారికి కిలోకు 1.6 గ్రాముల దాకా ఉపయోగం ఉంటుందని, అంతకు మించితే సగటున అదనపు లాభం కనిపించలేదని 2018లో 49 పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. మీ లక్ష్యం రోజుకు 100 గ్రాములనుకోండి.

అంటే మరో 48 గ్రాముల దాకా కావాలి. పొద్దుటి గుడ్లతో 18, పాలతో 8 వచ్చేశాయి. సాయంత్రం ఆఫీసులో సమోసాకు బదులు గుప్పెడు పల్లీలో, ఒక కప్పు శనగ గుగ్గిళ్లో తింటే 7 నుంచి 10. రాత్రి పడుకునే ముందు ఇంకో గ్లాసు పాలు. మిగిలిన కొంచెం భోజనంలో ఇంకో గరిటె పప్పుతో, ఇంకో కప్పు పెరుగుతో పూడుతుంది. చికెన్ లేని రోజుల్లో మీల్‌మేకర్ కూర దొరికితే వదలకండి. ఎండు మీల్‌మేకర్ 40 గ్రాముల్లో 20 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అంతా ఒకే పూట కుక్కకుండా మూడు నాలుగు పూటలకు పంచుకోవడం మంచిది.

ఇలా తినగలిగితే పౌడర్ అవసరమే రాదు. కండ పెంచడం కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ చెప్పింది. ఎప్పుడైనా కొనక తప్పకపోతే సీల్ తీసి డబ్బాలోంచి తూచి ఇచ్చే పౌడర్ వద్దు. లేబుల్ మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు చూసి తీసుకోండి.

అమ్మగారి భయం గురించి. కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ మోతాదు ప్రోటీన్‌తో హాని జరుగుతుందని తేలలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, ముఖ్యంగా అది ఉన్నట్టు తెలియనివారికి చిక్కు. మీ ఇంట్లో షుగర్ ఉంది కాబట్టి తిండి పెంచేముందు ఒకసారి బీపీ, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి బరువులు ఎత్తకండి, ముందురోజు రాత్రి మాంసం ఎక్కువగా తినకండి. ఆ రెండింటి వల్లా క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపించవచ్చు. జిమ్‌కి వెళ్తున్న సంగతి కూడా డాక్టరుకు ముందే చెప్పండి.