లైట్‌ని వాల్చేస్తే లైట్ ఇటాలిక్ అయిపోదు

శాన్స్ సెరిఫ్‌లో (గీతల చివర చిన్న కొసలు లేని ఫాంట్లలో) లైట్ ఇటాలిక్, అంటే సన్న గీతల వాలు అక్షరాలు, విడిగా కొనాలా, ఉన్న లైట్‌నే కాస్త వాలిస్తే సరిపోదా, అసలు దాన్ని ఎక్కడ వాడాలి అని అడిగారు. మొదట్లో నేనూ వాల్చేసి పని కానిచ్చినవాడినే.

ఒకసారి ఒక కవర్ మీద పెద్ద సైజులో ఒకే మాట పెట్టాను. చూసినాయన "ఆ O అక్షరం ఏంటి, నలిగినట్టుంది?" అన్నాడు. జూమ్ చేస్తే అర్థమైంది. గుండ్రటి ఓని 12 డిగ్రీలు వాలిస్తే గీత కుడి పైమూల, ఎడమ కిందమూల దాదాపు 10 శాతం లావెక్కుతుంది, మిగతా రెండు మూలల్లో అంతే సన్నబడుతుంది. అసలు గీతే వెంట్రుకలా ఉండే లైట్‌లో ఇది పెద్ద సైజుకి వెళ్లేసరికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మంచి డిజైనర్ వాల్చాక ప్రతి వంపునీ మళ్లీ చేత్తో సరిచేస్తాడు. మీరు డబ్బు పెట్టేది ఆ పనికే.

1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు రోమన్ కవి వర్జిల్ కావ్యాలు అచ్చేసినప్పుడు ఇటాలిక్ చేతిరాత నుంచి వచ్చిన వేరే అక్షరం. శాన్స్ సెరిఫ్‌లలో చాలావాటికి ఆ పోలిక లేదు. 1957 నాటి యూనివర్స్, హెల్వెటికా ఫాంట్లు రెండింటిలోనూ ఇటాలిక్ అంటే వాలిన నిటారు అక్షరమే, కాకపోతే సరిదిద్దినది. గిల్ శాన్స్ ఫాంట్‌లో మాత్రం చిన్న a రూపమే మారిపోతుంది. నాకైతే ఇలాంటివే ఇష్టం, వాక్యం మధ్యలో తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక వాడకం. పెద్ద సైజు, తక్కువ మాటలు, చుట్టూ ఖాళీ: కొటేషన్, ఉపశీర్షిక, ఫొటో కింద ఒక్క లైను, అంతే. పేరా మొత్తం పెడితే కళ్లు లాగేస్తాయి. లైట్‌లో ఉన్న పేరాలో ఒక మాటని ఎత్తి చూపడానికీ ఇది చాలదు, అక్కడ రెగ్యులర్ (మామూలు మందం) ఇటాలిక్ వేయండి.

నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాల దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. బ్రోషర్ వెనక పేజీలో లైట్ ఇటాలిక్‌ని 7 పాయింట్ల చిన్న సైజులో పెట్టాను, స్క్రీన్ మీద ముత్యాల్లా ఉంది. స్క్రీన్ మీద తెలుపు వెలుగు కదా, గీత ఉన్నదానికన్నా లావుగా అనిపిస్తుంది. ప్రెస్‌లో జరిగేది దీనికి తలకిందులు: చుట్టూ ఉన్న ఇంకు గీతలోకి పాకుతుంది. పైగా ఆ నలుపు నాలుగు రంగులు కలిపింది, ఒక రంగు ప్లేటు కొంచెం జరిగినా అంచు రంగు గీతలోకి వచ్చేస్తుంది. ఫోన్ నంబర్లో సగం అంకెలు తినేసింది. తప్పు పూర్తిగా నాదే, ప్రూఫ్ ప్రింట్ తీయించలేదు. ఇప్పుడు అలాంటి చోట వెయిట్ (గీత మందం) ఒక మెట్టు పెంచేస్తాను.

వెబ్‌లో అయితే సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపం చెప్పే కోడ్‌లో) వెయిట్ 300, అంటే లైట్, స్టైల్ ఇటాలిక్ అని రాయడంతో అయిపోదు, ఆ ఇటాలిక్ ఫైలు కూడా లోడ్ కావాలి. లేకపోతే బ్రౌజర్ తనే వాల్చేసి చూపిస్తుంది, ఎర్రర్ కూడా రాదు. మీ ఫాంట్‌లో ఇటాలిక్‌లో చిన్న a రూపం మారేదైతే పేజీలో ఆ ఒక్క అక్షరం చూడండి. నిటారు aనే పక్కకి వాలి కనిపిస్తే ఫైలు రానట్టే.