టెక్ సందేహాలు: తొలి బుష్‌క్రాఫ్ట్ కత్తికి ఎంత పెట్టాలి?

కత్తి కూడా పరికరమే. ఆన్‌లైన్ అంగడిలో పెద్ద పెద్ద స్పెసిఫికేషన్లు చూపించి కొనిపించే పద్ధతి ఫోన్ల నుంచి కత్తులకూ వచ్చేసింది. ఆరుబయట తక్కువ సామానుతో నిప్పు, నీడ, వంట ఏర్పరచుకునే బుష్‌క్రాఫ్ట్ మీద ఆసక్తితో వచ్చిన ప్రశ్నలు చాలా పోగయ్యాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ట్రెకింగ్‌కు వెళ్లినప్పుడు రాత్రి బస చేయడం మొదలుపెట్టాను. నిప్పు రాజేయడం, చెక్కతో గరిటెలు, మేకులు చెక్కుకోవడం నేర్చుకోవాలని ఉంది. మొదటి కత్తికి 3,000 రూపాయలు అనుకున్నాను. పిడిలో దిక్సూచి, వెన్ను మీద రంపపు పళ్లు ఉన్న 'సర్వైవల్' కత్తి కొనవచ్చా? (ఒక ఐటీ ఉద్యోగి, హైదరాబాద్)

దిక్సూచి ఉన్నది మాత్రం వద్దు. అగ్గిపుల్లలు, గాలపు దారం దాచుకోవడానికి ఆ పిడిని లోపల బోలుగా చేస్తారు. దాంతో బ్లేడు తోక పిడిలోకి కాస్తంత దిగి ఆగిపోతుంది. మీరు నొక్కినప్పుడు బలమంతా పడేది ఆ అతుకు మీదే, విరిగేదీ అక్కడే. ఆ క్షణాన మీ వేళ్లు కూడా అక్కడే ఉంటాయి. ఇక వెన్ను మీది రంపపు పళ్లు కొమ్మను కోయలేవు. పైగా చెక్కేటప్పుడు బొటనవేలు ఆనించవలసిన చోటును అవి పాడుచేస్తాయి.

బజారులో కొనే తొలి కత్తిగా నేను చెప్పేది ఒకటే పేరు: మోరాక్నివ్ కంపానియన్. స్వీడన్‌లోని మోరా ప్రాంతంలో తయారవుతుంది. ఈ సంస్థ తన చరిత్రను 1891 నుంచి లెక్కపెట్టుకుంటుంది. ఉత్తర ఐరోపాలో వడ్రంగులు, జాలర్లు, భవన నిర్మాణ కార్మికులు నడుముకు కట్టుకుని రోజూ వాడే పని కత్తి ఇది. బ్లేడు పొడవు 10 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, మందం 2.5 మిల్లీమీటర్లు. జారని రబ్బరు పిడి, ప్లాస్టిక్ ఒర. అమెరికాలో 20 డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. ఇక్కడికి దిగుమతి అయ్యేసరికి ధర పెరుగుతుంది, అమ్మేవారిని బట్టి మారుతుంది కూడా. కొనేముందు రెండు మూడు చోట్ల పోల్చి చూడండి.

రెండున్నర మిల్లీమీటర్లేనా అని పెదవి విరవకండి. కొత్తవారు పొరపడేది సరిగ్గా ఇక్కడే. ఐదారు మిల్లీమీటర్ల దళసరి కత్తి చేతిలో బరువుగా, ధైర్యంగా అనిపిస్తుంది. కానీ చెక్కలోకి దిగమంటే దిగదు, చీల్చుకుంటూ పక్కకు జారుతుంది. వాన తడిపిన పుల్లలతో నిప్పు రాజేయాలంటే పై తడి పొర తీసేసి, లోపలి పొడి భాగాన్ని చుట్టలు చుట్టలుగా, చివర తెగిపోకుండా, కాగితమంత పల్చగా చెక్కాలి. ఆ పని పల్చటి బ్లేడుకే సులువు. శిబిరంలో కత్తి చేసే పనుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే: చెక్కడం, తాడు కోయడం, ఉల్లిపాయలు తరగడం, చేప శుభ్రం చేయడం. చెట్టును నరకడం వాటిలో లేదు.

కంపానియన్‌కు పరిమితి లేకపోలేదు. దాని బ్లేడు ఉక్కు పిడి చివరి దాకా రాదు, మధ్యలోనే ఆగుతుంది. కత్తిని కట్టె మీద నిలిపి, వెన్ను మీద దుడ్డుకర్రతో కొట్టి చీల్చడం చాలామందికి ఇష్టమైన పని. మణికట్టు కంటే సన్నని, ముడులు లేని కట్టెలైతే ఇది తట్టుకుంటుంది. అంతకు మించి చేయాలనుకుంటే ఇదే వరుసలో 3.2 మిల్లీమీటర్ల మందంతో హెవీ డ్యూటీ రకం ఉంది. పిడి పొడవునా ఉక్కు ఉండే గార్బర్గ్ కూడా ఉంది కానీ దాని ధర కొన్ని రెట్లు ఎక్కువ. తొలి కత్తికి అంత అక్కరలేదు. మిగిలిన డబ్బుతో ఒక సాన రాయి, వీలైతే ఒక చిన్న మడత రంపం కొనండి. లావు కొమ్మల పని రంపానికి వదిలేస్తే కత్తి ఏళ్ల తరబడి మన్నుతుంది, చేతులూ క్షేమంగా ఉంటాయి.

కంపానియన్ కార్బన్ ఉక్కులోనూ స్టెయిన్‌లెస్‌లోనూ వస్తుంది. కార్బన్ రకం కాస్త ఎక్కువ గట్టిది. కానీ మన తేమకు త్వరగా తుప్పు పడుతుంది, పచ్చి మామిడికాయ కోస్తే నల్లబడుతుంది. రోజూ తుడిచి నూనె రాసే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల వారికి స్టెయిన్‌లెస్ తప్ప వేరే మాట చెప్పను. మరొక సంగతి: ఫెర్రో అనే లోహపు కడ్డీని గీసి నిప్పురవ్వలు రాల్చాలంటే గీసే అంచు లంబకోణంలో, పదునుగా ఉండాలి. కంపానియన్ వెన్ను అందుకు తగినట్టు ఉండదు. విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కను కడ్డీకి కట్టి ఉంచుకోండి, అది ఇంకా బాగా పనిచేస్తుంది.

3,000 రూపాయల ధరలో 'డమాస్కస్ స్టీల్' కత్తి, తోలు ఒరతో సహా వస్తోంది. మరొకదాని మీద '440 స్టీల్' అని ఉంది. ఇవి మంచివేనా? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

డమాస్కస్ అంటే బ్లేడు మీద అలల నమూనా కనిపించే ఉక్కు. ఆ ధరలో దొరికే అలాంటి కత్తిలో ఏ రెండు ఉక్కులు కలిపారో, ఎంత గట్టిపరిచారో అమ్మేవారు చెప్పరు. కొన్నిటిలో ఆ నమూనా పైపైన ఆమ్లంతో వేసిన గీతలే. నిజమైన అలల ఉక్కు కథ మీకు దగ్గరలోనే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కు గొప్పతనం దాని లోపలి కార్బన్‌లో, చల్లార్చిన తీరులో ఉంది. ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్మేది వేరే పద్ధతి, రెండు రకాల ఉక్కులను పొరలుగా కలిపి సాగగొట్టడం. మంచి కమ్మరి చేస్తే అదీ గొప్ప పనే, కాకపోతే 3,000 రూపాయలకు రాదు.

'440' అన్నది సగం మాట. 440ఏలో కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం, 440సీలో 0.95 నుంచి 1.20 శాతం. చివరి అక్షరం రాయలేదంటే చవక రకమే అనుకోవడం మంచిది. మోరా స్టెయిన్‌లెస్ కత్తుల్లో వాడే 12సీ27 రకంలో కార్బన్ దాదాపు 0.6 శాతమే. అయినా దానికి మంచి పేరు ఎందుకంటే దాన్ని పద్ధతిగా కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తారు. ఉక్కు పేరుతో పాటు రాక్‌వెల్ కాఠిన్యం 56–58 లాంటి అంకె కూడా రాసి ఉందా చూడండి. ఆ అంకె రాయడానికి సిద్ధపడని తయారీదారును నేనైతే నమ్మను.

మీ ఊళ్లో మంచి కమ్మరి ఉంటే లారీ కమాను పట్టీతో నాలుగు అంగుళాల కత్తి చేయించుకోండి. అది నిక్కమైన ఉక్కు. మూడు మిల్లీమీటర్లకు మించి మందం వద్దని, నూనెలో ముంచి గట్టిపరిచాక మళ్లీ కాస్త వేడి చేసి పెళుసుదనం తీయమని అడగండి. కొడవళ్లు చేసే చేతులకు ఇది కొత్త పని కాదు. వీలున్నవారికి కంపానియన్ కంటే ముందు నేను ఈ దారే చెబుతాను.

మోరా కత్తి కొని ఆరు నెలలైంది. ఇప్పుడు టమాటా కూడా తెగడం లేదు. బజారులో యంత్రం మీద సాన పట్టించవచ్చా? (గృహిణి, విజయవాడ)

యంత్రం వద్దు. ఆ వేగానికి పుట్టే వేడికి పల్చటి అంచు మెత్తబడుతుంది. ఈ కత్తి పక్కనుంచి చూస్తే అంచు దగ్గర ఒకే వెడల్పాటి ఏటవాలు కనిపిస్తుంది. కోణం మీరు ఊహించనక్కరలేదు. తడిపిన సాన రాయి మీద ఆ ఏటవాలును పూర్తిగా ఆనించి, వేళ్లతో అంచు దగ్గర మెల్లగా అదిమి, పిడి దగ్గరి కొస నుంచి మొన దాకా ముందుకు నడపండి. అవతలి వైపు వేలితో అడ్డంగా తడిమితే అంచు పొడవునా సన్నని గరుకు తగలాలి. అది తగిలేదాకా వైపు మార్చకండి. తగిలాక రెండో వైపు అలాగే చేయండి. ముందు 400, తరువాత 1000 గ్రిట్ (రాయి గరుకుతనాన్ని చెప్పే అంకె) రాయి చాలు. చివర పాత తోలు బెల్టు లోపలి వైపున వెనక్కి లాగుతూ రుద్దితే ఆ గరుకు రాలిపోతుంది. టమాటాతో కాదు, వార్తాపత్రిక అంచును కోసి పరీక్షించండి.

నల్లమలలో ట్రెక్ ఉంది. నాలుగు అంగుళాల కత్తి తీసుకెళ్లవచ్చా? (కర్నూలు)

అభయారణ్యంలోకి వద్దు. ఆయుధాల చట్టం కింది నిబంధనలు పట్టించుకునేది 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన బ్లేడులను. ఇంటి, వ్యవసాయ పనుల కోసం చేసినవాటికి అందులో మినహాయింపు ఉంది. అందువల్ల మీ కత్తికి లైసెన్సు అక్కరలేదని చాలామంది చెబుతారు, అది సరే. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేరు. అందులో 'ఆయుధం' అన్న నిర్వచనంలో కత్తులనూ చేర్చారు. అభయారణ్యంలోకి, జాతీయ ఉద్యానంలోకి ఆయుధంతో వెళ్లాలంటే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి ముందే ఉండాలి. నాగార్జునసాగర్–శ్రీశైలం, కవ్వాల్, పాపికొండలు అన్నిటికీ ఇదే. అక్కడ నిప్పు పెట్టడమూ నేరమే. సాధన మీ పొలంలో చేయండి, కత్తిరించిన వేప కొమ్మ పచ్చిగా ఉండగానే చెక్కితే ఎండినదాని కంటే సులువుగా తెగుతుంది. విమానంలో వెళ్తే కత్తి అప్పగించే సామానులోనే ఉండాలి, చేతి సంచిలో కాదు.

స్వీడన్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడ అడవిలో ఎవరైనా తిరగవచ్చంటారు. కత్తి నడుముకు కట్టుకుని బస్సెక్కితే ఏమవుతుంది? (ఉప్సలా)

అక్కడి చట్టం బహిరంగ స్థలాల్లో కత్తిని నిషేధిస్తుంది, తగిన కారణం ఉంటే తప్ప. అడవికి వెళ్లడం కారణమే, నగరంలో షికారు కాదు. దారిలో సంచి అడుగున పెట్టుకుని, అడవిలో తీసి కట్టుకోండి. ఎవరైనా తిరగవచ్చన్న ఆ హక్కు పచ్చని చెట్ల కొమ్మలకు, బెరడుకు వర్తించదు, వాటిని కోయకూడదు. వేసవిలో నిప్పు నిషేధం ఉందేమో ఆ రోజుకారోజు చూసుకోండి.

మా అబ్బాయికి పదేళ్లు. వాడికీ ఒక కత్తి కొనవచ్చా? (గుంటూరు)

కొనండి, మీరు పక్కన కూర్చోగలిగితేనే. మోరాలో రూకీ అని మొన గుండ్రంగా ఉండే రకం ఉంది. మడత కత్తి ఇవ్వకండి, పట్టు జారితే వేళ్ల మీదే మూసుకుంటుంది. మొదట సబ్బు బిళ్ల చెక్కించండి. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, బ్లేడు ఎప్పుడూ ఒంటికి దూరంగా నడిచేలా కూర్చోవడం అలవాటు చేయండి. ఎడమ చెయ్యి బ్లేడుకు వెనకే ఉండాలి. చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఇంకెవరూ ఉండకూడదు. లేచి నడవాలంటే ముందు కత్తి ఒరలోకి వెళ్లాలి.