పక్కింటి పైపులు మన స్థలంలో బయటపడితే కోసేయొచ్చా?

పునాది తవ్వుతుంటే పక్కింటివాళ్ల డ్రైనేజీ పైపు, నీళ్ల పైపు బయటపడ్డాయి, దస్తావేజుల్లో వాటి ఊసే లేదు, కోసేసి మూత బిగించేయొచ్చా అని అడిగారు. దయచేసి కోయకండి. మీ కోపం నాకు తెలుసు, అచ్చం ఇదే నాకూ జరిగింది.

ప్రహరీ కోసం మూడడుగులు తవ్వాక గడ్డపలుగు ఠప్పుమని దేనికో తగిలింది. మట్టి తీసి చూస్తే నాలుగంగుళాల పీవీసీ పైపు, జానెడు దూరంలో సన్నటి నీళ్ల పైపు. జాయింటు దగ్గర మట్టి నల్లగా, ముద్దగా, ఒకటే కంపు. ఎన్నాళ్లుగా కారుతోందో! పక్కింటాయన్ని పిలిచి చూపిస్తే "మీ నాన్నగారు సరేనన్నాకే వేశామండీ" అన్నారు. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. నిజంగా మాటిచ్చారో లేదో ఎవర్ని అడగను? నాన్న ఇచ్చిన మాట తప్పుతున్నానేమో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లాయరు దగ్గరికెళ్తే మొదట అడిగింది ఆ పైపు అక్కడికి ఎలా వచ్చిందని. అడక్కుండా వేస్తే అతిక్రమణే. నోటిమాటగా ఒప్పుకుని ఉంటే అది లైసెన్సు లాంటిది, మామూలుగా వెనక్కి తీసుకోవచ్చు. కానీ భారత్‌లో 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (అంటే దారికో, మురుక్కో పక్కవాళ్ల స్థలాన్ని వాడుకునే హక్కుల చట్టం) 60వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది: ఆ అనుమతిని నమ్ముకుని అవతలివాళ్లు ఖర్చు పెట్టి శాశ్వతమైన పని చేసుకుంటే దాన్ని రద్దు చేయడం కుదరదు. పాతిన పైపు అలాంటిదేనని వాళ్లు వాదించొచ్చు. రెండు స్థలాలూ ఒకప్పుడు ఒకే యజమానివైతే ఇంకో రకం హక్కు పుట్టొచ్చు, అందుకే పాత దస్తావేజులు కూడా తీయించండి. ఇక ఏళ్ల తరబడి వాడకం వల్ల వచ్చే హక్కు, దాని గడువు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, అదే చట్టంలో ప్రైవేటు స్థలాలకు 20 ఏళ్లు. అదీ బాహాటంగా, హక్కుగా, ఆటంకం లేకుండా వాడుకుని ఉండాలి. మట్టికింద ఎవరికీ తెలియకుండా ఉన్నది బాహాటం ఎలా అవుతుంది అని మీరు అడగొచ్చు, కాకపోతే మీ స్థలంలో ఛాంబర్ మూత ఒకటి ఎప్పట్నుంచో కనిపిస్తూ ఉంటే ఆ వాదన నిలబడటం కష్టం.

మీరు పైపు కోస్తే మురుగు వాళ్లింట్లోకి ఎదురుతన్నుతుంది, వాళ్లు కోర్టుకెళ్తారు, అప్పటిదాకా బాధితులైన మీరు ప్రతివాది అయిపోతారు. అదే కరెంటు కేబుల్ అయితే ప్రాణాలకే ముప్పు, లైన్‌మన్ వచ్చేదాకా పలుగు ముట్టుకోవద్దు.

అలాగని ఊరుకోనూ వద్దు, తెలిశాక కూడా నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే అంటారు. నేను చేసింది ఇది: వాళ్ల బాత్రూమ్‌లో రంగునీళ్లు పోయించి ఏ పైపులోంచి వస్తున్నాయో ఛాంబర్‌లో చూశాం, లైను ఎటు పోతోందో, ఎంత లోతులో ఉందో ఇంటి మూల నుంచి టేపుతో కొలిచి రాసుకున్నా. తర్వాత, ఈ లైన్లకు నేను ఒప్పుకోలేదు, మాట్లాడుకుని తేల్చుకుందాం అని మర్యాదగానే ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపా. పక్కనే ఉన్నవాళ్లకి పోస్టు ఏంటని ఆయన నొచ్చుకున్నారు. నాకూ బాధేసింది, కానీ ఆ రసీదే తర్వాత పనికొచ్చింది.

నీళ్ల పైపును ఆయన సొంత ఖర్చుతో తన గోడ వెంబడి మార్చుకున్నారు, ఒక్కరోజు పని. డ్రైనేజీ అలా మారలేదు, అటువైపు వాలు లేదు. బలవంతంగా తీయిస్తే ఆ ఇంట్లో మనుషులు ఉండలేరు, అంత పంతం నాకు నచ్చలేదు. అందుకే దానికి మాత్రం ఒప్పందం రాసి రిజిస్టర్ చేయించాం, ఖర్చు ఆయనదే. లైను ఎన్ని అడుగుల వెడల్పు దాటకూడదు, రిపేరుకు రావాలంటే ముందు చెప్పాలి, తవ్విన చోటు మళ్లీ సరిచేసివ్వాలి, కారి నష్టం జరిగితే ఆయనే భరించాలి, వాళ్ల వైపు మురుగు లైను వచ్చిన రోజున ఈ హక్కు పోతుంది, ఇవన్నీ అందులో ఉన్నాయి. చివరి షరతు కోసం మూడుసార్లు కూర్చోవాల్సి వచ్చింది, మీరు కూడా దాన్ని వదలకండి. పునాది గీత ఓ అడుగు లోపలికి జరుపుకున్నా, పైపు మీద గోడ బరువు పడకుండా.

మీ గుంత ఇంకా తెరిచే ఉందంటున్నారు కదా, పూడ్చకముందే పైపుల పక్కన టేపు పెట్టి తేదీ పడేలా ఫొటోలు తీసుకోండి.