తోడేలుకి నాలుగు మాటలు

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

ఆదివారం నిన్ను విజయవాడ రైలెక్కించి బ్రాడీపేట వచ్చేదాకా నీ ముఖమే కళ్లలో మెదిలింది. ఆటలో నీ వెంట ఉండే తోడేలు చచ్చిపోగానే డైస్ అన్నీ సంచిలో వేసేసుకుని, ఆట అయ్యేదాకా నోరు విప్పలేదు నువ్వు. దాని మీద నీకంత ప్రేమ ఉన్నందుకు నాకు సంతోషమే. అందుకే ఈ ఉత్తరం.

ఆటలో నువ్వు మూడో లెవెల్ రేంజర్‌వి, అంటే జంతువుని తోడు తెచ్చుకునే అడవి వేటగాడివి. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మీరాడే డంజన్స్ అండ్ డ్రాగన్స్, 2014 నాటి ఐదో ఎడిషన్ ప్రకారం నీ తోడేలు ప్రాణం 12 పాయింట్లు. ఎదురుగా ఉన్న ఓగర్ అనే రాక్షసుడి దుడ్డుకర్ర దెబ్బ సగటున 13. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకుని ఉంటే దాన్ని ముందుకు పంపేవాడివి కాదు. పైగా అది కరవాలంటే నీ వంతులో నువ్వు చేయాల్సిన పని, అదే నీ యాక్షన్, ఖర్చవుతుంది, నీ విల్లు ఆ రౌండంతా ఊరకే ఉండిపోతుంది. దాన్ని నడిపించడానికైతే నోటిమాట చాలు. వెనక్కి పిలిచేసి నువ్వు బాణం వేయాల్సింది. తోడేలు అసలు బలం దాని ముక్కూ చెవులూ. వాసన, చప్పుడు పసిగట్టే చోట దానికి ఇరవై ముఖాల డైస్ రెండుసార్లు వేసి ఎక్కువ వచ్చింది తీసుకుంటాం కదా. గుహలోకి దిగకముందే దాని సాయం తీసుకో.

మేం ఇదే ఆట పాత 3.5 ఎడిషన్ ఆడే రోజుల్లో నాకొక కుక్క ఉండేది. 2003లో వచ్చిన ఆ నిబంధనల్లో జంతువుకి ఒక్కో పనీ విడిగా నేర్పాలి, ఒక్కోదానికి వారం పడుతుంది. కుక్కకి ఆరు పనులకి మించి రావు. నేర్పిన పని చేయించడానికి డైస్ వేస్తే అన్నీ కలిపి 10 వస్తే చాలు. నేర్పనిది చేయించాలంటే 25 కావాలి. ఓ ఆటలో అస్థిపంజరాలు లేచొచ్చాయి. నేను ఉస్కో అన్నాను. కుక్క కదల్లేదు. దాడి నేర్పాను గానీ, చచ్చి లేచినవాటి మీదికి కూడా దూకాలంటే ఇంకో పనికి పట్టేంత శిక్షణ ఇవ్వాలి. ఇవ్వలేదు. డైస్ వేస్తే అన్నీ కలిపి 14 వచ్చింది. "తోక ముడుచుకుని నీ కాళ్ల మధ్యకి దూరింది" అన్నాడు ఆట నడిపించే గేమ్ మాస్టర్. మా ఊళ్లో ఇంటి కుక్క ఉరుములకి మంచం కిందికి దూరి వణికేది. ఆ మాట వినగానే నాకు అదే కళ్ల ముందు కనపడింది. ఆ రోజు నుంచి ఆ కుక్కని అంకెలుగా చూడలేకపోయాను.

మీ నిబంధనల్లో ఆ పద్ధతి లేదు. అయినా నువ్వు పెట్టుకో. రా, ఆగు, వాసన పట్టు, ఉస్కో. ఈ నాలుగు చాలు. బల్ల దగ్గర పైకే అను. "తోడేలు వెనకనుంచి చుట్టి వెళ్లి మంత్రగాడి చేతిలో కర్ర లాక్కుంటుంది" అన్నావనుకో, తోడేలు తోలు కప్పుకుని నువ్వే వెళ్తున్నట్టుంటుంది.

అది బెదిరిపోతే ఏం చేస్తుందో ఆట మొదలవకముందే గేమ్ మాస్టర్‌తో మాట్లాడుకో. దాని అంకెలు అట్టముక్క మీద రాసుకో. దాడి డైస్, దెబ్బ డైస్ ఒకేసారి వెయ్యి, మిగతావాళ్లు నీ కోసం కాచుక్కూర్చోకూడదు.

చచ్చిపోయిన జంతువు బదులు ఇంకోదాన్ని ఎనిమిది గంటల్లో మచ్చిక చేసుకోవచ్చు. ఆ ఎనిమిది గంటల్నీ ఒక్క ముక్కలో దాటేయకు. ఏం తినిపించావో, ఎంతసేపటికి నీ చేతి దగ్గరికొచ్చిందో అందరికీ చెప్పు. మళ్లీ తోడేలే కావాలనిపిస్తే తోడేలునే తీసుకో. పేరు మాత్రం రెండక్షరాల్లో పెట్టు, గట్టిగా కేకేసి పిలవడానికి వీలుగా ఉంటుంది.

ఇట్లు,
మీ మామయ్య