పదిహేను నిమిషాల సకినాలు

తీరిక లేనివారికి సౌకర్యం అందిస్తామని ప్రచారం చేసుకునే మొబైల్ యాప్‌లు నిజంగా మన సమయాన్ని ఆదా చేస్తున్నాయా అని మీరు అడిగారు. కొనేవారి తరఫున జవాబు చెప్పేవారు చాలామంది ఉంటారు కాబట్టి నేను అమ్మేవారి తరఫున చెబుతాను. హనుమకొండలో మా అత్తమ్మ చాలా ఏళ్లుగా ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్ముతున్నారు. లెక్కలూ ఫోన్లూ చూసుకునే పని నాది. యాప్‌లో కనిపించే నిమిషాలను గోడ మీది సినిమా పోస్టరును చూసినట్టే చూడాలని నా అభిప్రాయం.

రెండేళ్ల కిందట ఒక డెలివరీ యాప్ ప్రతినిధి మా ఇంటికి వచ్చి, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల నంబరు మొదలుకొని అన్ని వివరాలూ నింపుకుంటూ, తయారీ సమయం అనే గడి దగ్గర ఆగాడు. గంటన్నర రాయమన్నాను. అంత రాస్తే జాబితాలో అట్టడుగుకు పోతారని, 15 నిమిషాలైతే పైన కనిపిస్తారని చెప్పి అతనే 15 అని నింపాడు. నేను ఊరుకున్నాను, అందులో నా తప్పూ ఉంది.

ఆ సంక్రాంతికి, భోగి ముందు రోజు సాయంత్రం, నక్కలగుట్ట నుంచి 2 కిలోల సకినాలకు ఆర్డరు వచ్చింది. అప్పటికి చేసినవన్నీ అమ్ముడుపోయాయి. రాత్రంతా నానిన కొత్త బియ్యాన్ని పట్టించి, ఆ తడిపిండిలో నువ్వులూ వామూ కలిపి, అత్తమ్మా మరో ఇద్దరూ కూర్చుని చుట్టిన సకినాలు ఇంకా బట్ట మీదే ఉన్నాయి. డెలివరీ అబ్బాయి అప్పుడే గుమ్మం ముందు బండి ఆపాడు. అంతలో కొన్నామె ఫోన్ చేసింది. "యాప్‌ల పదిహేను నిమిషాలని ఉన్నది గద మేడమ్, ఇంకా కాలేదంటరేంది?" నాకు జవాబు తోచలేదు. అత్తమ్మే ఫోన్ అందుకుని, "తడి ఆరకముందు నూనెల ఏస్తే పేలుతయి బిడ్డా, మీ అమ్మనడుగు" అన్నారు. ఆమె ఒక్క మాటా అనకుండా ఆర్డరు రద్దు చేసుకుంది. నష్టం మా ఖాతాలో పడింది. 40 నిమిషాలు నిలబడిన ఆ అబ్బాయికి మాత్రం మొదటి వాయిలోని నాలుగు సకినాలు తప్ప ఏమీ దక్కలేదు.

ఉప్పూపప్పూ పది నిమిషాల్లో వస్తున్నాయంటే, ఆ సంస్థలు ముందే పొట్లాలు కట్టిన సరుకును కాలనీల దగ్గరి చిన్న గోదాముల్లో నింపి పెట్టుకోవడం వల్లనే. అలా ఇంటికి సరుకులు చేర్చే గ్రోఫర్స్ సంస్థ 2021 డిసెంబరులో తన పేరును బ్లింకిట్‌గా మార్చుకున్నప్పుడు, సరుకును గుర్తుచేసే పేరు పోయి రెప్పపాటును గుర్తుచేసే పేరు వచ్చింది. ప్రచారం దేని చుట్టూ తిరుగుతోందో ఆ ఒక్క మార్పులోనే తెలుస్తుంది. చేత్తో చుట్టే వంటకు కూడా అదే గడియారం తగిలిస్తేనే చిక్కు.

తగ్గింపుల సంగతీ చెప్పాలి. యాప్ తన జేబులోంచి ఇస్తున్నట్టు చూపించే 50 రూపాయల తగ్గింపులో 30 రూపాయలు, కమిషన్ కాక, మా బిల్లులోంచే కోసేవారు. ఇక కొనేవారిని తొందరపెట్టే ఎత్తులకు అంతే లేదు. లేని తొందరను సృష్టించడం, అడగని వస్తువును బుట్టలో వేయడం, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేయడం వంటి 13 రకాల మోసపు పద్ధతులను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా "మీ బుట్ట మీకోసం ఎదురుచూస్తోంది" అనే సందేశం నా ఫోనుకు రాని రోజు లేదు.

అన్ని యాప్‌లనూ ఒకే గాటన కట్టడం లేదు. 2016లో యూపీఐ వచ్చాక చిల్లర కోసం పక్కింటికి పరుగెత్తే అవస్థ మాకు తప్పింది, అది నిజమైన ఆదా. నక్కలగుట్ట ఆమె కూడా నిరుడు సంక్రాంతికి వారం ముందే నేరుగా ఫోన్ చేసి చెప్పి, డబ్బు యూపీఐలో పంపి, వచ్చి తీసుకెళ్లింది. యాప్‌లోని ఆ గడిలో ఇప్పుడు 90 నిమిషాలని రాశాను. మా పేరు కనిపించాలంటే జాబితాను చాలాసేపు వేలితో జరుపుతూ పోవాలి.