క్రెడిట్లు నిండినా డిగ్రీ ఆడిట్ "అసంపూర్తి" అంటుంటే

కాలేజీ మారి వచ్చాక డిగ్రీకి కావలసిన క్రెడిట్లన్నీ నిండినా, డిగ్రీ ఆడిట్ (ఏ కోర్సులు పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపే కాలేజీ రిపోర్టు) స్టాటిస్టిక్స్ మిగిలిందంటోందా? మీరు పాత కాలేజీలో చేసిన స్టాటిస్టిక్స్ కోర్సు ఇక్కడ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కింద కాకుండా ఫ్రీ ఎలక్టివ్ (ఏ సబ్జెక్టైనా సరిపోయే కోటా) కింద పడి ఉంటుంది. అందుకే 120 క్రెడిట్లు నిండినా ఆడిట్‌లో స్టాటిస్టిక్స్ ఇంకా బాకీ ఉన్నట్టు చూపిస్తోంది. క్రెడిట్ రావడం వేరు, అది కావలసిన చోటికి చేరడం వేరు.

1. ఆడిట్ తెరిచి ఆ కోర్సు ఏ శీర్షిక కింద ఉందో చూడండి. పూర్తి కోర్సు నంబర్ లేకుండా "1XX" లాంటిదేదో ఉంటే, దాన్ని జనరల్ క్రెడిట్‌గా మాత్రమే తీసుకున్నారని అర్థం.

2. పాత కోర్సు సిలబస్ సంపాదించండి. కేటలాగ్‌లోని నాలుగు లైన్ల వివరణ సాధారణంగా చాలదు, ఏ వారం ఏం చెప్పారో, ఏ పుస్తకం వాడారో ఉన్న పూర్తి కాపీ కావాలి.

3. దాన్ని అడ్వైజర్‌కు పంపి కోర్సు సబ్‌స్టిట్యూషన్ (ఇక్కడి కోర్సుకు బదులు పాతదాన్ని లెక్కించడం) అడగండి.

4. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. అడ్వైజర్ నోటిమాటగా "సరిపోతుందిలే" అంటే పని అయిపోయిందనుకుంటారు, కానీ చాలాచోట్ల డిపార్ట్‌మెంట్ ఆమోదించి, అది రిజిస్ట్రార్ (విద్యార్థుల రికార్డులు చూసే ఆఫీసు) దగ్గర నమోదైతే తప్ప ఆడిట్ మారదు. ఆమోదం మెయిల్‌లో తీసుకోండి, కొన్ని రోజులాగి ఆడిట్ మళ్ళీ రన్ చేయండి, స్టాటిస్టిక్స్ గడి నిండకపోతే అదే మెయిల్ జతచేసి రిజిస్ట్రార్‌కే నేరుగా రాయండి.

ఇదంతా ఆఖరి సెమిస్టర్ యాడ్-డ్రాప్ గడువుకు (కోర్సుల్లో చేరడానికి, మానుకోవడానికి ఉన్న ఆఖరి తేదీకి) ముందే తేల్చుకోండి, దయచేసి వాయిదా వేయకండి. ఒకవేళ ఒప్పుకోకపోయినా ఇక్కడి స్టాటిస్టిక్స్ కోర్సులో చేరడానికి టైమ్ ఉంటుంది.