మావాణ్ని అకాడమీకి వెయ్యబోతున్నారు, కెరీర్ అయిపోయినట్టేనా?

ప్రశ్న: సార్, నేను రిటైర్డ్ హైస్కూల్ టీచర్ని, వనస్థలిపురంలో ఉంటాం. మా అబ్బాయి ఎస్సై, సర్వీసు ఐదేళ్ళు దాటింది, సిటీ శివార్లో స్టేషన్. ఇప్పుడు పోలీస్ అకాడమీకి ఇన్‌స్ట్రక్టర్‌గా వెళ్తావా అని అడిగారట, వీడేమో సరే అనేట్టున్నాడు. అది లూప్ లైన్ అని, ఒకసారి పోతే మళ్ళీ స్టేషన్ రాదని అందరూ అంటున్నారు. దానికన్నా రిజైన్ చేసి సైబర్ సెక్యూరిటీలోకి పోతే గచ్చిబౌలిలో మంచి ప్యాకేజీ వస్తుందని మా బావమరిది కొడుకు చెప్తున్నాడు. సంబంధాలు కూడా చూస్తున్నాం. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: సార్ నమస్తే. పోల్చి చెప్తాను, కానీ "సంబంధాలు కూడా చూస్తున్నాం" అని చివర్లో ఒక ముక్క పెట్టారు చూడండి, నాకు అదే మొదటి లైన్‌లా కనపడింది. అమ్మాయి వాళ్ళు ఇంటికొచ్చి చాయ్ తాగుతూ అబ్బాయి ఏ స్టేషన్‌లో అని అడుగుతారు, మీరు అకాడమీ అంటారు, వాళ్ళు ఓహో అని ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఒక్క క్షణం మీకు మింగుడు పడట్లేదు, మిగతాదంతా దాని చుట్టూ అల్లిన లెక్కే. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టేదేం లేదు, ఈ భయం నా దగ్గరికి ఎన్నో ఇళ్ళ నుంచి వచ్చింది, డిపార్ట్‌మెంట్ పేరు మారుతుంది అంతే.

కానీ సార్, కొంచెం గట్టిగానే అంటా, ఏమనుకోవద్దు. మీరు సర్వీసంతా బళ్ళో పాఠం చెప్పి ఆ జీతంతోనే వాణ్ని ఎస్సై దాకా చదివించారు, ఇప్పుడు వాడు పాఠం చెప్పడానికి పోతానంటే పరువు తక్కువ అంటున్నారా? మీ దగ్గర చదివినోడు ఎవడో బస్టాండ్‌లో కనపడి వంగి కాళ్ళకి దండం పెడితే ఆ పూటంతా ఇంట్లో అదే చెప్పుకుని ఉంటారు కదా. వాడు చిన్నప్పటి నుంచి అది చూసే పెరిగాడు. వాడు సరే అంటున్నది ఎందుకో ఒక్కసారైనా అడిగారా? మీరు రాసినదంతా రెండు సార్లు చదివా, అందరూ ఏమన్నారో ఉంది, బావమరిది కొడుకు ఏమన్నాడో ఉంది, మీవాడు ఏమన్నాడో మాత్రం లేదు.

సరే, లూప్ లైన్ సంగతి. అందరూ చెప్పేది వట్టి అబద్ధం అని నేను అనను. రైల్వేలో ఎక్స్‌ప్రెస్ పోతుంటే గూడ్సు బండి పక్కకి జరిగి నిలబడే పట్టాని లూప్ లైన్ అంటారు, డిపార్ట్‌మెంట్‌లో ఆ మాటకి అర్థం ఏంటంటే జీపు ఉండదు, సెంట్రీ సెల్యూట్ ఉండదు, "సార్ ఒక్క మాట సాయం" అని ఫోన్ చేసే లీడరూ చుట్టమూ ఉండరు. అందుకే ఏళ్ళ తరబడి ట్రైనింగ్ సెంటర్లంటే ఎవరి మీదన్నా కోపమొస్తే పడేసే చోటుగానో, పిల్లాడి టెన్త్ క్లాస్ అయ్యేదాకా సిటీలో ఉండాలని అడిగి వేయించుకునే చోటుగానో చూశారు. ఇది కొత్త జబ్బేం కాదు, 1971లోనే కేంద్రం పోలీస్ ట్రైనింగ్ మీద ప్రొఫెసర్ గోరే కమిటీని వేసింది, మంచి ఆఫీసర్లని ఏరి పంపండి, వచ్చినోళ్ళకి అదనంగా ఏదన్నా ఇవ్వండి అన్న మాట అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. మాట అట్లనే ఉంది, పంపే చేతులు కూడా అట్లనే ఉన్నాయి.

పోనీ మంచోడు ఒకడు వచ్చాడనుకోండి, నిలబడడు. ఎందుకు నిలబడడో నేను ఆ లైన్‌లో ఉన్న పది మందినైనా అడిగి ఉంటా, అందరూ డబ్బు అంటారేమో అనుకున్నా గానీ డబ్బు అన్నోళ్ళు తక్కువ. కేంద్రం డబ్బు దారి చూసింది కూడా, ఏడో పే కమిషన్ తర్వాత డెప్యుటేషన్ మీద ఫ్యాకల్టీగా పోయేవాళ్ళకి నేషనల్, సెంట్రల్ అకాడమీల్లో గ్రూప్ ఏ ఆఫీసర్లకైతే బేసిక్ మీద 24 శాతం, మిగతా ట్రైనింగ్ సంస్థల్లో 12 శాతం అలవెన్స్ పెట్టారు, మన శివరాంపల్లిలో ఉన్న నేషనల్ పోలీస్ అకాడమీ అట్లాంటి పెద్ద సంస్థే. మీవాడిది స్టేట్ సర్వీసు, ఆ లెక్క వీడికి పట్టదు, ఇక్కడి ఆర్డర్లలో ఏముందో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ముందే అడిగి తెలుసుకోమనండి. కానీ నేను విన్నంతలో మనుషుల్ని వెళ్ళగొట్టేది వేరే. బాగా చెప్పేవాడు అని పేరు వచ్చిన ఏడాదికే ఎవరో పెద్ద ఆఫీసర్ వీడు నాకు కావాలని లాక్కుపోతాడు. లేదంటే ఎలక్షన్ డ్యూటీ, నిమజ్జనం బందోబస్తు అని క్లాస్ మధ్యలో పంపేస్తారు. బాగా చెప్పినా, పాత నోట్స్ చూసి చదివేసి పోయినా ఇద్దరికీ ఒకటే ఏసీఆర్, అంటే పైఆఫీసర్ ఏటా రాసే రిపోర్టు. పైగా రిక్రూట్‌మెంట్ మన దగ్గర వరదలాగా వస్తది, 2022లో ఒక్కసారే 16 వేలకి పైగా పోలీసు పోస్టులు పడ్డాయి, 2024లో ఆ కానిస్టేబుళ్ళు ట్రైనింగ్‌కి వస్తే తొమ్మిది నెలల్లో వాళ్ళని తయారు చెయ్యడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషుల్ని తేవాలి, బ్యాచ్ వెళ్ళిపోగానే మళ్ళీ చప్పుడు ఉండదు. అట్లాంటి చోట పదేళ్ళ అనుభవం ఉన్న ఇన్‌స్ట్రక్టర్ తయారవ్వాలంటే ఎట్లా? తయారైనోడు ఉండాలంటే వాడికి గడువు తెలియాలి, తర్వాత ఎక్కడికి పోతాడో తెలియాలి, క్వార్టర్సూ పిల్లల స్కూలూ కుదరాలి. ఈ మూడూ కుదిరినచోట మనుషులు అలవెన్స్ తక్కువైనా ఉన్నారు.

ఇప్పుడు మీవాణ్నే ఎందుకు అడిగారో నా ఊహ చెప్తా. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్ మూడూ పోయి కొత్త చట్టాలు వచ్చాయి. ముప్పై ఏళ్ళు హత్య కేసుకి 302 అని నోటికొచ్చినోళ్ళు 103 అని రాయాలి, 420 అనే తిట్టు కూడా చట్టంలో 318 అయిపోయింది. నంబర్లు బట్టీ కొట్టొచ్చు, అది సమస్య కాదు. సోదా చేసేటప్పుడు, వస్తువులు సీజ్ చేసేటప్పుడు వీడియో తియ్యాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెప్తుంది, ఏడేళ్ళు ఆపైన శిక్ష పడే కేసుల్లో ఫోరెన్సిక్ వాళ్ళు స్పాట్‌కి రావాలని 176 చెప్తుంది. ఒక సెల్‌ఫోన్ సీజ్ చేశాడనుకోండి, పంచనామా రాశాడు, పంచుల సంతకం తీసుకున్నాడు, కానీ కొత్త సాక్ష్య చట్టం 63 కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో హ్యాష్ వాల్యూ, అంటే ఆ డేటాని ఎవరూ మార్చలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటి నంబరు లేదు, రెండేళ్ళ తర్వాత బోనులో నిలబెట్టి డిఫెన్స్ లాయర్ ఆ ఒక్కటి పట్టుకుని ఆడుకుంటాడు. ఇది పుస్తకంలో కూడా ఉంటది, కానీ అట్లా బోనులో చెమటలు పట్టినోడు వచ్చి "నాకు ఇట్లా అయింది రా" అని చెప్తే కుర్రాళ్ళు జన్మలో మర్చిపోరు. అకాడమీకి కావల్సింది ఆ చెమట. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ వాళ్ళకి పాత కేసుల అనుభవం ఉంది గానీ కొత్త చట్టం కింద చార్జిషీట్ వేసిన అలవాటు తక్కువ, మీవాడి వయసు వాళ్ళకే రెండూ ఉన్నాయి. పడేస్తున్నారు అని మీరనుకుంటున్నది ఏరి అడగడం కూడా కావచ్చు సార్. "వెళ్తావా" అని అడిగారు అన్నారు కదా, కోపంతో పడేసేవాళ్ళు అడగరు, ఆర్డర్ పంపుతారు.

ఇక బావమరిది కొడుకు చెప్పిన గచ్చిబౌలి. దీని మీద నాకున్న అనుమానాలు చాలా పెద్దవి, కొంచెం ఓపిక పట్టండి. ఇప్పుడు ఎవర్ని కదిపినా సైబరే, అమీర్‌పేట్‌లో ఏ కరెంటు స్తంభం చూసినా ఎథికల్ హ్యాకింగ్ బోర్డే, ఇదే స్తంభానికి ఒకప్పుడు వేరే కోర్సుల బోర్డులు ఉండేవి. ఎస్సైగా మీవాడు సైబర్ కేసులు చేసి ఉంటాడు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ వచ్చిన కేసుల్లో అకౌంట్లు ఫ్రీజ్ చేయించి ఉంటాడు, కాల్ డేటా తెప్పించి ఉంటాడు, బాగా వచ్చు కూడా కావచ్చు. కానీ ఆ తెలివిలో సగం వాడి బుర్రలో ఉంటే సగం వాడి సంతకంలో ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద నోటీసు ఇస్తే బ్యాంకు కేవైసీ పంపుతుంది, యూనిఫాం తీసేసిన మర్నాడు అదే బ్యాంకు మేనేజర్ ఫోన్ కూడా ఎత్తడు. కంపెనీలకి కావల్సింది వేరే, నైట్ షిఫ్ట్‌లో స్క్రీన్ ముందు కూర్చుని అలర్టులు చూసేవాళ్ళు, నెట్‌వర్కూ కోడింగూ చదివినోళ్ళు, అక్కడ మీవాడు ఇరవై రెండేళ్ళ బీటెక్ పిల్లల పక్కన ఫ్రెషర్‌గా మొదలవ్వాలి. బ్యాంకుల్లో ఫ్రాడ్ విభాగాలు, విజిలెన్స్ లాంటివి పోలీసుల్ని తీసుకుంటాయి, నిజమే, కానీ ఎక్కువగా పెద్ద ర్యాంకులో రిటైర్ అయినోళ్ళని తీసుకుంటారు. ఐదేళ్ళ మాజీ ఎస్సైకి చాలాచోట్ల దొరికేది ఏంటో తెలుసా, కంపెనీ తరపున స్టేషన్ల చుట్టూ తిరిగి "అన్నా మా కంప్లైంట్ ఎంతవరకు వచ్చింది" అని అడిగే పని. నిన్నటిదాకా ఎవరితో సెల్యూట్ కొట్టించుకున్నాడో వాళ్ళ ముందే బల్ల మీద కూర్చోవాలి. ఇది మీ పరువు లెక్కలో ఎక్కడ పడుతుంది?

సైబర్ మీద నిజంగా మనసుంటే ఉద్యోగం వదలక్కర్లేదు, రాష్ట్రంలో సైబర్ సెక్యూరిటీ బ్యూరోయే ఉంది, అదీ పోలీసు డిపార్ట్‌మెంటే. రామంతాపూర్‌లో సెంట్రల్ డిటెక్టివ్ ట్రైనింగ్ సంస్థ ఉంది, శామీర్‌పేట నల్సార్‌లో దూరవిద్యలో సైబర్ చట్టాల పీజీ డిప్లొమా ఉంది. అకాడమీలో ఉంటే సాయంత్రాలు దొరుకుతాయి, స్టేషన్‌లో ఉండి ఇవన్నీ చదవడం అయ్యే పని కాదు. ఒక్క జాగ్రత్త, దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ ఇప్పిస్తామనే వాళ్ళ దగ్గరికి పోనివ్వద్దు, బార్ కౌన్సిల్ దాన్ని ఒప్పుకోదు, డబ్బు పోవడమే.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది నా తప్పు. చాలా ఏళ్ళ కింద ఒక సీఐకి ఇట్లనే పాఠం చెప్పే పిచ్చి ఉంటే, రిజైన్ చేసి కోచింగ్ సెంటర్‌లో చేరితే మస్తు సంపాదన అని నేనే ఎగదోశా. మొదటి రెండేళ్ళు నిజంగానే బాగా వచ్చింది, తర్వాత నోటిఫికేషన్లు ఆగిపోయాయి, హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి, సెంటర్ వాళ్ళు జీతం సగం చేశారు. ఆయన ఇప్పటికీ దసరాకి ఫోన్ చేస్తాడు, ఒక్క మాట అనడు, అదే నాకు ఎక్కువ బాధ. అప్పటి నుంచి రిజైన్ అన్న మాట నా నోటి నుంచి తేలిగ్గా రావట్లేదు, ఆ భయం ఈ జవాబులో కూడా కొంత కలిసిందేమో, మీరు ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

పోల్చమన్నారు కదా, పెద్దగా పోల్చేది మిగల్లేదు సార్. అకాడమీకి పోతే సర్వీసు, సీనియారిటీ, జీతం ఎక్కడికీ పోవు, పోయేది జీపు. గచ్చిబౌలికి పోతే అన్నీ పోయి ఒక ఆఫర్ లెటర్ వస్తది, అదీ వస్తే. స్టేషన్ కుర్చీ శాశ్వతమని ఎవరన్నా చెప్తే నమ్మకండి, ఎస్‌హెచ్‌ఓని అంటే స్టేషన్ ఇన్‌చార్జిని, కనీసం రెండేళ్ళు కదపొద్దని 2006లో సుప్రీంకోర్టు ప్రకాష్ సింగ్ కేసులో చెప్పాల్సి వచ్చిందంటేనే అది ఎంత ఊగే కుర్చీయో తెలుస్తుంది.

ఐతే మీవాడు గుడ్డిగా సరే అనొద్దు. ఎన్నేళ్ళకో ఆర్డర్‌లో రాసి ఉండాలి, నోటి మాట లెక్కలోకి రాదు, మూడేళ్ళు అనుకుంటే మూడేళ్ళు, ఐదు దాటితే మాత్రం మీ చుట్టాలు చెప్పేది నిజమవడం మొదలవుతుంది, చేతిలో కేసుల వాసన పోతుంది. ఏ సబ్జెక్టు అనేది కూడా అడగాలి, ఏది ఖాళీగా ఉంటే అది చెప్పు అంటే వద్దు, ఇన్వెస్టిగేషనో సైబరో అడిగి తీసుకోవాలి. పాత కేసుల్లో కోర్టు సాక్ష్యాలకి ఎట్లాగూ పోతూనే ఉంటాడు, ఆ తేదీలకి పంపిస్తారా లేదా ముందే మాట్లాడుకోవాలి, లేదంటే వారెంట్లు వస్తాయి. ఏదో మొక్కుబడిగా క్లాసుకి పోయి రావడం కాదు, తను చేసిన కేసు ఫైళ్ళు పేర్లు తీసేసి, మాక్ క్రైమ్ సీన్‌లు, మాక్ కోర్టు కట్టి చెప్పాలి, పేరు అట్లా వస్తది. ట్రైనింగ్‌లో బాగా చేసినోళ్ళకి కేంద్ర హోం మంత్రి పేరు మీద మెడల్ ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది, వస్తే సర్వీస్ బుక్‌లో ఎక్కుతుంది.

సంబంధాల సంగతికొస్తే, హిమాయత్‌సాగర్ దగ్గరున్న ఆ అకాడమీకి రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి పేరు పెట్టారు, నిజాం కాలంలో హైదరాబాద్ కొత్వాల్, అంటే నగర పోలీసు పెద్ద ఆయన. ఆయన పట్టుకున్న దొంగల పేరు ఒక్కటి చెప్పమనండి, ఎవరూ చెప్పలేరు, పిల్లల చదువు కోసం పెట్టిన రెడ్డి హాస్టల్ మాత్రం అందరికీ తెలుసు. ఇదంతా అమ్మాయి వాళ్ళకి చెప్పమనట్లేదు, మీ కోసం చెప్తున్నా. వాళ్ళు ఏ స్టేషన్ అని అడిగితే అప్పా జంక్షన్ పక్కన అనండి, ఆ జంక్షన్‌కి ఆ పేరు వచ్చిందే ఆ అకాడమీ పాత ఇంగ్లిష్ పేరులోని పొట్టి అక్షరాల నుంచి. రాత్రి రెండింటికి ఫోన్ వచ్చి పరుగెత్తే ఉద్యోగం కాదు, మూడేళ్ళు ఇంట్లో అన్నం తింటాడు అని కూడా చెప్పండి, ఆడపిల్ల తల్లి ఆ మాట దగ్గరే ఆగి వింటుంది చూడండి.

ముందైతే ఈ వారం వాడికి వీక్లీ ఆఫ్ దొరికిన రోజు కూర్చోబెట్టి ఎందుకు పోతానంటున్నావు అని అడగండి. మధ్యలో బావమరిది కొడుకు వద్దు.